పేర్ల పేజీలో చివరి వరుస

మంచి వార్త ఏదైనా ఉంటే నా నోట్లో ఆగదు. డిగ్రీ పాసైన రోజు ఇంటికి వస్తూ బస్సులో పక్కన కూర్చున్నావిడకు చెప్పేశాను. ఆవిడెవరో నాకు తెలియదు. ఒళ్లో ఉన్న కూరగాయల సంచిలోంచి జామకాయ తీసి నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో నాకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. ముత్తాత పాలమూరు నుంచి రాళ్లు మోసే పనికి ముంబై వచ్చి కామాఠిపురాలో ఉండిపోయాడు. నాయిన బిల్డింగులకు రంగులు వేస్తాడు, అమ్మ ఆస్పత్రిలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా, తరువాత మరాఠీలో, కాలేజీలో ఇంగ్లీషులో చదివాను. ఇన్ని భాషలు మారినా ఎక్కడా ఫెయిలవలేదు. ఈ సంగతి కూడా బస్సులో ఆవిడకు చెప్పాను.

అలాంటిదాన్ని విద్యాపీఠంలో ఉద్యోగం వస్తే ఊరుకుంటానా? "ఎడిటోరియల్ అసిస్టెంట్, కాంట్రాక్టు మీద" అని ఉన్న మెయిలును మేముండే చాల్‌లో, ఒక్కో గదీ ఒక్కో ఇల్లయిన ఆ పాత బిల్డింగులో, మూడంతస్తుల గ్యాలరీలూ తిరిగి చదివి వినిపించాను. అదేం పనో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే చేరేదాకా నాకూ సరిగా తెలియదు.

ఈ ఊరి చరిత్ర మీద విద్యాపీఠం ఒక పత్రిక తెస్తుంది. ప్రొఫెసర్లు వ్యాసాలు పంపుతారు. నేను వాటి మీద పేర్లు తీసేసి, ఎవరు రాశారో తెలియకుండా వేరే ప్రొఫెసర్లకు అభిప్రాయం కోసం పంపాలి. వాళ్లు నెలల తరబడి పలకరు. "సార్, గుర్తు చేస్తున్నాను" అని మెయిలు, తరువాత "సార్, మళ్లీ గుర్తు చేస్తున్నాను" అని ఇంకో మెయిలు. అభిప్రాయాలు వచ్చాక వ్యాసం తిరిగి రాసినాయనకు వెళ్తుంది, ఆయనకు కోపం వస్తుంది, ఆ కోపం నాకు వస్తుంది. చివరికి పేజీలు కట్టి ప్రూఫులు పంపితే, వాటిని దిద్ది పంపాలి. పుస్తకంలో ఒక్క వాక్యమూ నేను రాసింది ఉండదు. నేను పదే పదే చదవని వాక్యం కూడా ఉండదు.

పత్రికకు సంపాదకురాలు మా మేడమ్. చరిత్ర శాఖలో ప్రొఫెసరు. చేరిన కొత్తలో పాత సంచిక ఒకటి తెరిచి, ముందు పేజీల్లో పేర్లన్నీ వరుసగా ఉన్నచోట వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ చివర్లో నీ పేరు వస్తుంది," అన్నారు మరాఠీలో. మేడమ్ మాట్లాడేది మరాఠీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. పైన సంపాదకురాలు, తరువాత సంపాదక మండలి సభ్యులు, సలహాదారులు, అందరి కిందా ఎడిటోరియల్ అసిస్టెంట్. అచ్చులో నా పేరు! ఆ సాయంత్రం ట్రైన్‌లో నిలబడడానికి చోటు లేకపోయినా నాకు గాల్లో ఉన్నట్టే ఉంది.

ఇంటికి రాగానే అమ్మకు చెప్పాను. మర్నాడు పొద్దున కుళాయి దగ్గరికి పోయేసరికి అందరికీ తెలిసిపోయింది.

"ఏందే, బుక్కుల నీ పేరొస్తదంట గదా?" అంది ఎదురింటి అత్త, బిందె కింద పెడుతూ.

"వస్తది అత్తా. కిందికి, చిన్నగ."

"చిన్నగెందుకే? మోఠా అక్షరాలల్ల వెయ్యమను. దినమంత కండ్లు పాడు చేసుకుంటలేవా?"

"అట్ల ఉండది అత్తా. దానికో పద్ధతుంటది."

"ఏం పద్ధతో ఏమో. ఎప్పుడొస్తది మరి?"

"వచ్చే నెల," అన్నాను. అది మేడమ్ అన్న మాటే. నేను నమ్మాను.

వచ్చే నెల వచ్చింది, పుస్తకం రాలేదు. ఊరిలో ఒకప్పుడు దారిపొడవునా ఉండే రాతి చలివేంద్రాల మీద రాసిన ఒక రిటైర్డ్ ప్రొఫెసరు గారు ప్రూఫు పంపిన ప్రతిసారీ కొత్త పేరా కలిపేవారు. పేరా కలిపితే పేజీ జరుగుతుంది, పేజీ జరిగితే కింద ఫుట్‌నోట్లన్నీ చెదురుతాయి, నేను మళ్లీ మొదటినుంచి సరిచూడాలి. ఆయన దిద్దిన కాగితాలను ఫోనులో ఫోటో తీసి పంపుతారు. సగం ఫోటోల్లో ఆయన బొటనవేలే కనబడుతుంది. ఫోన్ చేసి అడిగితే, "అమ్మాయీ, చరిత్రకు తొందర ఉండదు," అని పెట్టేస్తారు. చరిత్రకు లేకపోవచ్చు. మా కుళాయి దగ్గర ఉంది.

"బుక్కు ఝాలా? అయిందా?" అని పొద్దున ఒకరు. "ఇంక రాలే? పక్కా ఉద్యోగమేనా?" అని సాయంత్రం ఒకరు. మెట్లు ఎక్కుతుంటే, దిగుతుంటే, మరుగుదొడ్డి లైనులో నిలబడితే కూడా. చివరికి దాదర్‌లో ఆ ప్రొఫెసరు గారి ఇంటికే ప్రూఫులు పట్టుకుపోయి ఎదురుగా కూర్చున్నాను. చలివేంద్రాల దగ్గర పావురాల గురించి ఇంకో పేరా రాయాలని ఉందన్నారు. "సార్, అది వచ్చే వ్యాసంలో రాయండి, దానికీ నేనే ప్రూఫులు తెస్తాను," అన్నాను. ఆయన పెన్ను తీసి సంతకం పెట్టారు. ఆ సంతకం చూసుకుంటూ ఇల్లు చేరాను.

మా గల్లీ మలుపులో, నాగ్‌పాడా వైపు నుంచి వచ్చే బస్సులన్నిటికీ కనబడేలా, నేను వేలాడుతున్నాను.

కాలేజీ ఐడీ కార్డు మీది ఫోటో. దాన్ని నా కన్నా పెద్దగా చేసి ఫ్లెక్సు మీద కొట్టించారు. పైన తెలుగులో ఒక వరుస, కిందంతా మరాఠీ. "విద్యాపీఠ గ్రంథానికి సంపాదకురాలిగా నియమితులైన మా చాల్ కన్యారత్నానికి హార్దిక అభినందనలు." విద్యాపీఠం పేరు ఎర్రటి అక్షరాల్లో. నా ఫోటో చుట్టూ మండలం కమిటీ వాళ్ల మొహాలు, నల్లద్దాలు పెట్టుకొని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని. అన్నిటి కిందా శుభేచ్ఛుకులు అని పేర్లు, పేర్లు, పేర్లు.

ముంబైలో గల్లీకో మండలం, అంటే గణపతిని నిలబెట్టే సంఘం ఉంటుంది, మండలానికో బ్యానర్ ఉంటుంది. పుట్టినరోజుకు బ్యానరు, పదో తరగతి పాసైతే బ్యానరు. మా మండలానికి సెక్రటరీ పై అంతస్తులో ఉండే మామ. పగలు స్కూలు బస్సు నడుపుతాడు. అతనే ఎదురొచ్చాడు.

"ఎట్లుంది బిడ్డా? మస్తుగుంది గదా? వచ్చే ఐతారం నీకు సత్కారం. శాలువ, కొబ్బరికాయ, స్టేజీ మీద బుక్కు పట్టుకొని ఫోటో."

"మామా, నేను సంపాదకురాలిని కాదు. అసిస్టెంట్‌ని."

"తెలుసు బిడ్డా."

"తెలిసి కూడా గట్లెందుకు కొట్టించిండ్రు?"

"అసిస్టెంట్ అని రాస్తే ఎవడు తలెత్తి సూస్తడే? కింది రూమోళ్ల పోరడు సొసైటీల వాచ్‌మెన్ అయితే సెక్యూరిటీ ఆఫీసర్ అని వేసినం. వాడేమన్న కేసు పెట్టిండా? బ్యానరంటే గంతే. జర ఎక్కువ జేసి చెప్తనే మనిషికి ఇజ్జత్."

నాకు కోపం వచ్చింది. సిగ్గు కూడా వేసింది. కానీ గల్లీలో పిల్లలు నన్ను చూసి, బ్యానర్ చూసి, మళ్లీ నన్ను చూసి చప్పట్లు కొడుతుంటే లోపలెక్కడో బాగానే అనిపించింది. తీసేయమని గట్టిగా చెప్పలేదు.

మర్నాడు ఆఫీసుకు పోతే మేడమ్ తన ఫోను నా ముందు పెట్టారు. మా ఆఫీసు క్లర్కు పొద్దున నాగ్‌పాడా మీదుగా బస్సులో వస్తూ తీసిన ఫోటో. అప్పటికే శాఖ మొత్తం చూసేసింది.

"ఇదేమిటి?"

"మా చాల్ వాళ్లు కట్టారు మేడమ్."

"నువ్వు సంపాదకురాలివైతే నేనెవర్ని?"

నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు.

"వాళ్లకు తెలియక…"

"తెలియదు, సరే. కానీ విద్యాపీఠం పేరు అట్లా రోడ్డు మీద, అదీ…" అని ఆగిపోయారు.

"అదీ" తరువాత ఏముందో నాకు తెలుసు. కాలేజీలో అడ్రసు చెప్పినప్పుడల్లా ఆ ఖాళీని వింటూనే ఉన్నాను. కామాఠిపురా అనగానే ఊరికి గుర్తొచ్చేది రెడ్‌లైట్ గల్లీలే, ఎదుటివాళ్ల కళ్లు ఒకసారి పక్కకు పోతాయి. మేము అక్కడ పుట్టాం, అక్కడ నీళ్లు పట్టుకుంటాం, అక్కడి నుంచే ఆఫీసుకు వస్తాం. మాకు అది ఇల్లు. అవన్నీ చెప్పాలని నోరు తెరిచాను. మేడమ్ అప్పటికే వేరే మాటలో ఉన్నారు.

"చోటు గురించి నేనేమీ అనడం లేదు. అసలు కాంట్రాక్టు వాళ్ల పేర్లు వేయొచ్చో లేదో ఆఫీసును అడగాలి. అప్పటిదాకా ఆ వరుస తీసెయ్."

తీసేయాల్సింది నేనే. ప్రూఫుల మీద దిద్దుబాట్లు ఎక్కించేది నేనే కాబట్టి. పేర్ల పేజీ తీసుకొని నా పేరు మీద అడ్డగీత గీసి, చివర్లో తీసేయమనే ముడి గుర్తు పెట్టాను. తరువాత కంప్యూటర్లో ఫైలు తెరిచి తొలగించాను. ఎంత సేపు పడుతుంది? మళ్లీ ఆ పేజీ చూస్తే అక్కడేదో ఉండేదని ఎవరూ అనుకోరు. సలహాదారుల పేర్ల కింద తెల్లగా, శుభ్రంగా ఉంది. నాకు పని బాగా వచ్చిందని అప్పుడే తెలిసింది.

సాయంత్రం మామ మా గుమ్మం ముందు నిలబడి ఐతారం టెంటు గురించి నాయినతో మాట్లాడుతున్నాడు. నేను చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాను.

"మామా, బ్యానర్ తియ్యాలె. ఇప్పుడే."

"అరె, సత్కారం కాకముందే తీస్తే బాగుంటదా? నలుగురేమనుకుంటరు? అపశకునం."

"అపశకునం ఆల్రెడీ అయింది."

జరిగింది చెప్పాను. "అదీ" దగ్గర ఆపేశాను, మేడమ్ ఆపినట్టే. మామ ఒప్పుకోలేదు. "సంపాదకురాలు" అన్నచోట కాగితం అతికిద్దామన్నాడు. విద్యాపీఠం పేరు మీద పూలదండ వేలాడదీద్దామన్నాడు. నాయిన చేతుల మీది రంగు కిరసనాయిల గుడ్డతో తుడుచుకుంటూ అన్నాడు:

"తీసెయ్ అన్నా. పోరి పేరు పోయింది."

"యాడికి పోయింది?"

"బుక్కులకెల్లి. కొట్టేయమన్నరంట. దీని చేతనే కొట్టేయిచ్చిండ్రు."

మామ నావైపు చూశాడు. మెట్లు దిగిపోయాడు. కాసేపటికి గల్లీలో నిచ్చెన చప్పుడైంది.

అక్కడితో ఆగితే అతను మా మండలం సెక్రటరీ ఎందుకవుతాడు? మర్నాడు పొద్దున విద్యాపీఠం గేటు నుంచి సెక్యూరిటీ ఫోన్. "మీ కోసం ఎవరో వచ్చారు. కొబ్బరికాయ తెచ్చారు." పరిగెత్తుకుంటూ పోయాను. ఇస్త్రీ చొక్కాలో మామ, మండలం పెద్దమనుషులిద్దరు, ఆస్పత్రిలో సగం రోజు సెలవు పెట్టి పట్టుచీర కట్టుకున్న అమ్మ. మామ భుజం మీద చాపలా చుట్టిన బ్యానరు.

"ఎందుకొచ్చిండ్రు మామా!"

"నువ్వు గమ్మునుండు. మేడమ్‌కు శాలువ కప్పితే అన్నీ సర్దుకుంటయ్. నేను ఎంతమందికి కప్పిన!"

ఆపే దారి లేదు. మేడమ్ గదిలోకి పోగానే మామ మరాఠీలో "తప్పు మాదే మేడమ్. తీసేశాం, చూసుకోండి," అని బ్యానర్ విప్పాడు. అది గదిలో పట్టలేదు. బల్లల మీదుగా, నేను సరిచూస్తున్న ప్రూఫుల మీదుగా, వరండా దాకా పరుచుకుంది. పక్క గదుల వాళ్లు కూడా వచ్చారు. అంత పెద్ద నా మొహాన్ని తొక్కకుండా నిలబడడానికి చోటు లేక అందరూ గోడలకు అతుక్కున్నారు. క్లర్కు వంగి కింది పేర్లు చదవడం మొదలుపెట్టాడు.

"ఇంతమంది శుభేచ్ఛుకులా? ఈ కాకా ఎవరు?"

"తాడు కట్టినాయన సార్," అన్నాడు మామ. "పేరు వెయ్యకపోతే మళ్లీ నిచ్చెన ఎక్కడు."

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వారు. మామ అదే అదనుగా శాలువ కప్పేశాడు, చేతిలో కొబ్బరికాయ పెట్టాడు, పెద్దమనిషి ఒకాయన ఫోటో తీశాడు. మేడమ్ అందరికీ చాయ్ తెప్పించారు. అమ్మకు కుర్చీ వేయించారు. అమ్మ తనకు వచ్చిన మరాఠీలో, "మీ పుస్తకం రంధిలో ఇది అన్నం కూడా సరిగా తినడం లేదు," అంది. నేను గోడలోకి దూరిపోదామని చూశాను. వెళ్లేముందు అమ్మే అడిగింది: "మరి పేరు సంగతి?"

"చూద్దాం. అది ఆఫీసు చేతిలో ఉంది," అన్నారు మేడమ్, చాలా మర్యాదగా.

గేటు దాకా దిగబెడుతుంటే మామ ఛాతీ విరుచుకొని నడుస్తున్నాడు. "అయిపోయింది బిడ్డా. చూద్దామన్నది గదా, ఇంక ఫికర్ లేదు. నేను చెప్పలే?"

ఆఫీసులో "చూద్దాం" అంటే ఏమిటో మామకు తెలియదు. నాకు తెలుసు. వ్యాసం ఎప్పుడు వేస్తారని అడిగే రచయితలకు రోజూ ఆ మాట చెప్పేది నేనే. ఒళ్లు మండిపోయింది. మేడమ్ మీదా, మామ మీదా, బస్సులోంచి ఫోటో తీసిన క్లర్కు మీదా. ఫైలు ఆ సాయంత్రమే ప్రెస్సుకు పోవాలి. పోయాక ఇంక చూసేదేమీ ఉండదు.

ముందు క్లర్కు దగ్గరికి పోయాను. "కాంట్రాక్టు వాళ్ల పేరు వేయకూడదని ఏ రూల్లో ఉంది?"

"రూలా? నాకేం తెలుసు? మేడమ్ అడిగితే రిజిస్ట్రార్ ఆఫీసును అడగండి అన్నాను."

రిజిస్ట్రార్ ఆఫీసు ఇంకో బిల్డింగులో. అక్కడ వాళ్ల భోజనాలు అయ్యేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. తరువాత ఒకావిడ డబ్బా మూత పెడుతూ చెప్పింది: "ఇందులో మాకేం పని? మీ పత్రికలో ఎవరి పేరు వేసుకోవాలో మీ సంపాదక మండలి చూసుకోవాలి."

సంపాదక మండలికి అధ్యక్షురాలు మేడమే. మేడమ్ ఆఫీసు అన్నారు, ఆఫీసు రిజిస్ట్రార్ అంది, రిజిస్ట్రార్ వాళ్లు మళ్లీ మేడమ్‌నే చూపించారు. ఇంత తిరుగుడులో నా పేరు వద్దన్న మనిషి ఒక్కరూ తగల్లేదు. సరేనన్నవాళ్లూ లేరు. అంతే, దానితోనే అది పోయింది.

తిరిగి వచ్చేసరికి మేడమ్ ఏదో చదువుకుంటున్నారు. శాలువ కుర్చీ వెనక వేలాడుతోంది.

"మేడమ్, ఫైలు పంపే టైమైంది. చివరి వరుస సంగతి ఏం చెయ్యమంటారు?"

"ఆఫీసు ఏమంది?"

"రిజిస్ట్రార్‌ను అడగమంది. వాళ్లు మండలిని అడగమన్నారు. ఎవరూ వద్దనలేదు మేడమ్."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?"

"మండలికి అధ్యక్షులు మీరు కాబట్టి."

మేడమ్ తలెత్తారు. కళ్లద్దాల పైనుంచి చూశారు. ఇంకేదైనా అంటే నేనూ ఆ "అదీ" గురించి అడిగేదాన్ని. అడగాలనే నిలబడ్డాను.

"వెయ్యి మరి," అన్నారు, మళ్లీ కాగితంలోకి చూస్తూ. "అసిస్టెంట్ అని స్పష్టంగా ఉండాలి."

"మొదటి నుంచీ అట్లాగే ఉంది మేడమ్."

అంతే. ఇంత చిన్న మాట కోసమా ఇన్ని మెట్లెక్కింది! సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. కూర్చొని నా పేరు నేనే మళ్లీ కొట్టాను. నా పేరులో ఎక్కడ తప్పు పడిందోనని పదే పదే చూసుకున్నాను.

మండలం వాళ్లు సత్కారాన్ని పుస్తకం వచ్చేదాకా వాయిదా వేశారు. వచ్చిన వారం ఐతారం సాయంత్రం చాల్ నడుమ టెంటు వేశారు. మామ మైకు ముందు నిలబడి, నా చేతిలోంచి పుస్తకం తీసుకొని, అట్ట వెనకా ముందూ తిప్పి చూశాడు.

"ఏ పేజీ బిడ్డా?"

"లోపల. ముందటి పేజీలల్ల. కింద."

కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తీశాడు. దగ్గరగా పెట్టుకొని చూశాడు. మైకు ఆన్‌లో ఉందన్న సంగతి మరిచిపోయాడు.

"ఇంత చిన్నగనా? చీమ లెక్క ఉంది!"

చాల్ అంతా వినబడింది. అందరూ గొల్లుమన్నారు. "వచ్చేసారి ఫోటో వెయ్యమనవే!" అని పై గ్యాలరీలోంచి అరిచారు. ఇట్లాంటి పత్రికల్లో ఫోటోలు వేయరని మైకు తీసుకొని చెప్పబోయాను. "ఫోటో లేకపోతే అదేం బుక్కే!" అని ఇంకెవరో అన్నారు. ఇంతలో భోజనాల పళ్లేలు వచ్చాయి, ఇక నన్ను ఎవరూ వినలేదు. పుస్తకం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతూ, పేజీ దొరక్క తిరుగుతూ, చివరికి మొదటి వరుసలో కూర్చున్న అమ్మ దగ్గరికి చేరింది. నేను దిగి పక్కన కూర్చొని చూపించాను.

"పైన ఉన్నోళ్లంత ఎవరే?"

"ప్రొఫెసర్లు అమ్మా. సలహాదారులు."

"గీళ్లంత పని చేసిండ్రా?"

"కొందరు మీటింగుకు కూడా రారు."

"మరి వాళ్లవి పైనెందుకున్నయ్?"

దానికో పద్ధతుంటది అనబోయి ఆగాను. మెయిళ్ల నుంచి, చలివేంద్రాల నుంచి, రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ నుంచి అన్నీ కలిపి కోపంగా చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ పళ్లెం పక్కకు జరిపి, తడి చేతిని కొంగుకు తుడుచుకొని, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు చివరి వరుస మీద వేలు పెట్టి ఉంచి, వింటూ కూర్చుంది.